లింబాద్రి కోసిన కర్వాన్

లింబాద్రికి కువైట్‌లో ఏం పని అని భీంగల్‌లో ఎవరైనా అడిగితే, అతని భార్య భాగ్యలత "షేకు ఇంట్ల వంట" అని చెప్పి మాట మార్చేసేది. తుపాకి దెబ్బకు పడ్డ పిట్టలను పరుగెత్తి ఏరుకొచ్చే పని అంటే నలుగురూ నవ్వుతారని ఆమె భయం. నవ్వేవాళ్లు ఎలాగూ నవ్వారు. శుక్రవారం ఫర్వానియాలోని నిజామాబాద్ వాళ్ల గదికి పోతే, తాపీ పనిచేసే హన్మాండ్లు గుమ్మంలోనే అందుకునేవాడు.

"ఏం లింబన్నా, మేము వారమంత సిమెంటు బస్తాలు మోస్తిమి, నువ్వు ఈకలు మోస్తివి. నీ అసుంటి జాతకం ఎవనికున్నదే!"

లింబాద్రి నవ్వి ఊరుకునేవాడు. హన్మాండ్లు నడుం నొప్పితో రాత్రుళ్లు బోర్లా పడుకుంటాడని అతనికి తెలుసు. అలాంటి మనిషి ఒక మాట అంటే పడాలి మరి.

అతను కువైట్‌లో దిగింది తొంభై నాలుగులో, ఇంటిపని వీసా మీద. అర్దియాలో ఒక పెద్దాయన ఇల్లు. కొడుకు పేరు మిషాల్ కాబట్టి బయటివాళ్లు ఆయన్ను అబూ మిషాల్ అనేవాళ్లు. పనివాళ్లకు ఆయన బాబా. వేసవంతా మొక్కలకు నీళ్లు పట్టడం, మగవాళ్లు కూర్చుని కబుర్లాడుకునే దీవానియా గదికి టీలు మోయడం. చలి మొదలైందంటే ఎడారిలో డేరాలు వేసేవాళ్లు. అప్పుడు బాబా తుపాకి భుజాన వేసుకునేవాడు, లింబాద్రి సంచీ కత్తీ తీసుకుని వెనక నడిచేవాడు. ఊళ్లో లింబాద్రి వాళ్ల నాయన కంజుపిట్టలకు ఉరులు పెట్టేవాడు. దెబ్బ తిన్న పిట్ట పొదలో ఎటు పాకుతుందో కనిపెట్టడం లింబాద్రికి అక్కడే అబ్బింది. వంట మాత్రం బాబా దగ్గర తిట్లు తిని నేర్చుకున్నాడు.

మొదటి చలికాలంలోనే ఒక సంగతి జరిగింది. యుద్ధం ముగిసి నాలుగేళ్లు కావస్తున్నా ఎడారిలో పాతిపెట్టిన మందుపాతరలు అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. ఆ ముక్క లింబాద్రికి ఎవరూ చెప్పలేదు. ఒక సాయంత్రం బాబా కొట్టిన పిట్ట ముళ్లతీగ అవతల పడింది. లింబాద్రి తీగ దాటి ఉరికాడు. వెనక నుంచి కేకలు వినిపిస్తే, తొందరగా తెమ్మంటున్నాడనుకుని ఇంకాస్త వేగం పెంచాడు. బాబా తుపాకి ఆకాశానికెత్తి పేల్చాడు. ఆ మోతకు లింబాద్రి ఉన్నచోటనే కొయ్యబారిపోయాడు. బాబా తీగ దగ్గరికొచ్చి, ఇసుకలో అతని అడుగుజాడలు వేలితో చూపించి, వాటిలోనే కాలు పెట్టి వెనక్కి రమ్మని సైగ చేశాడు. వచ్చాక చెంప మీద ఒక్కటిచ్చి, ఆ చేత్తోనే గుండెకు హత్తుకుని ఏదో అన్నాడు. అరబ్బీ కాస్త వచ్చాక లింబాద్రి ఆ మాటను అడిగి మరీ చెప్పించుకున్నాడు. "పిట్ట పోతే ఇంకో పిట్ట వస్తుంది. నీ పెళ్లానికి నేనేం సమాధానం చెప్పేవాణ్ణి?" అన్నాడట. వీసా ఇచ్చిన యజమానులను, అదే కఫీల్‌లను, తిట్టుకోవడమే కాలక్షేపమైన ఫర్వానియా గదిలో ఈ కథ ఎవరూ నమ్మలేదు. నమ్మించాలని లింబాద్రి కూడా పెద్దగా ప్రయత్నించలేదు.

వేటకు బాబా పద్ధతి బాబాకుంది. తుపాకి మీట నొక్కేముందు దేవుడి పేరు తలచి బిస్మిల్లా అనేవాడు. పిట్ట పడగానే లింబాద్రి ఉరికేవాడు. "బతికుందా?" అన్నదే బాబా మొదటి ప్రశ్న. ఉందని చెయ్యెత్తితే ఆయన మొహం వెలిగిపోయేది. గబగబా వచ్చి, మక్కా వైపు తిరిగి, దేవుడి పేరు చెప్పి మెడ మీద కత్తి పెట్టేవాడు. డేరాలో లింబాద్రి వండినవన్నీ అలా కోసినవే. చచ్చి దొరికినవాటిని బాబా వేరే సంచిలో వేసి ఇంటికి పంపేవాడు. పక్కింటివాళ్ల డేగకు మేత కాబోలు అనుకునేవాడు లింబాద్రి. కత్తి పడేలోగా ప్రాణం పోతే ఆ పిట్ట మనిషి తిండికి పనికిరాదని అతని బుర్రలో అలా స్థిరపడిపోయింది. ఎన్నేళ్లు గడిచినా అవునా కాదా అని అడగలేదు. ఒకరి దేవుడి వ్యవహారంలో ఇంకొకరు వేలు పెట్టకూడదని అతని మర్యాద. ఒక్కోసారి మర్యాదే కొంప ముంచుతుంది.

ఏటా చలికి ముందు తుపాకి లైసెన్సు మళ్లీ రాయించుకోవాలి. ఆ రోజు బాబా కొత్త తెల్లటి దిష్‌దాషా తొడిగి, అత్తరు రాసుకుని పెళ్లికొడుకులా బయల్దేరేవాడు. ఫోటోలు, కళ్ల డాక్టరు చీటీ ఉన్న కవరు లింబాద్రి చేతిలో ఉండేది. జోడు గొట్టాల ఆ తుపాకికి కాగితం ఉంది గానీ, ఇంట్లో ఇంకోటి ఉంది, దానికి ఏ కాగితమూ లేదు. బాబా తండ్రి నాటి రైఫిల్. కర్ర పగిలితే ఇత్తడి తీగతో బిగించి కట్టారు. దాన్ని ఎవరూ పేల్చగా లింబాద్రి చూడలేదు. తివాచీలో చుట్టి అటక మీద పెట్టిన ఆ ముసలి తుపాకిని అప్పుడప్పుడూ దించి నూనె పెట్టడం అతని వంతు.

రెండువేల పద్నాలుగులో బాబా తిండి తగ్గింది. మొదట అరగడం లేదన్నారు, తర్వాత పుండు అన్నారు, చివరికి అసలు పేరు చెప్పారు. పనివాళ్లు మామా అని పిలిచే ఇంటావిడ పోయి అప్పటికే చాలా ఏళ్లు. బాబాను చూసుకోవడానికి మిషాల్ హమీదా బీ అనే ఆమెను పెట్టాడు. ఆమెది కడప దగ్గర రాయచోటి. ఆమె లింబాద్రిని అన్నా అంటుంది, అతను ఆమెను అక్కా అంటాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకునే తీరిక ఇద్దరికీ లేకపోయింది.

ఆ ఏడు కూడా బాబా అత్తరు రాసుకుని లైసెన్సుకు వెళ్లాడు. కవరులో కళ్ల డాక్టరు చీటీ లేదు, డాక్టరు ఇవ్వనన్నాడు. బల్ల వెనక కుర్రాడు లేచి నిలబడి, బాబా నుదుటికి ముద్దుపెట్టి, "ఇక విశ్రాంతి తీసుకోండి పెద్దాయనా" అన్నాడు. అంత మర్యాదగా కాదంటే మనిషి ఎవరి మీద కోప్పడాలి? పాత కాగితం చలికాలం చివరిదాకా చెల్లుతుంది. ఆ తర్వాత తుపాకి మిషాల్ పేరున మారాలి.

దెబ్బ మీద దెబ్బ అన్నట్టు, కాగితాల్లేని ఆయుధాలన్నీ అప్పజెప్పాలని ఆ చలికాలంలోనే ప్రభుత్వం ప్రకటించింది. మిషాల్ రైఫిల్ తీసుకుపోవడానికి వస్తే బాబా ఆగమన్నాడు. లింబాద్రిని పిలిచి నూనె పెట్టమన్నాడు.

"ఇచ్చేసేదానికి నూనె ఎందుకు నాన్నా?" అన్నాడు మిషాల్.

"అత్తారింటికి పంపేముందు పిల్లకు తల దువ్వరా?" అన్నాడు బాబా.

లింబాద్రి గొట్టం తుడిచాడు, ఇత్తడి తీగకు మెరుగు పెట్టాడు. పని ఎప్పుడో అయిపోయినా తుడుస్తూనే ఉన్నాడు. చివరికి మిషాలే మెల్లగా అతని చేతుల్లోంచి తీసుకున్నాడు.

తర్వాత బాబా పాలు, గంజి తప్ప ఏదీ ముట్టడం మానేశాడు. ఏదడిగితే అది పెట్టండి అని డాక్టర్లు చెప్పారు. ఆ మాట ఎప్పుడు చెబుతారో అందరికీ తెలుసు. మిషాల్ పక్కన కూర్చుని రోజూ అడిగేవాడు, ఏం తింటావు నాన్నా అని. బాబా తల అడ్డంగా ఊపేవాడు. ఒకరోజు మాత్రం ఊపలేదు.

"కర్వాన్ తినాలని ఉంది. లింబాద్రి వండాలి. కానీ నేను కొట్టిందై ఉండాలి."

కర్వాన్ అంటే ఇసుక రంగు పిట్ట. పొడుగు కాళ్లు, పెద్ద పచ్చకళ్లు. రెక్కలున్నా నేల మీద పరుగుకే మొగ్గు. ఇసుకలో కూర్చుంటే పక్కనున్నవాడికి కూడా కనబడదు. చేతులు వణికే మనిషి దాన్ని కొట్టడం అయ్యే పని కాదని మిషాల్‌కు తెలుసు, లింబాద్రికీ తెలుసు. అయినా ఇద్దరూ ఆ మాట అనలేదు. లైసెన్సు గడువు ఇంకా కొద్దిరోజులే ఉంది. డేరాలు దులిపి, హమీదా బీని కూడా వెంటబెట్టుకుని సాల్మీ దారిన ఎడారికి పోయారు.

బాబాను జీపు ముందు సీట్లో కూర్చోబెట్టి, కిటికీ మీద దిండు పెట్టి, దిండు మీద తుపాకి ఆనించారు. హమీదా బీ డేరాలో ఉండిపోయింది. పొద్దున్నుంచీ తిరిగితే రెండు పిట్టలు లేచాయి, రెండూ తప్పిపోయాయి. మధ్యాహ్నం డేరాకు మళ్లుదామని మిషాల్ స్టీరింగ్ తిప్పుతుంటే లింబాద్రి వెనక సీట్లోంచి అతని భుజం పట్టుకున్నాడు. ముందు ఒక ఎండు పొద పక్కన కర్వాన్ నిలబడి ఉంది. బాబా దాన్ని చాలాసేపు చూశాడు. బిస్మిల్లా అన్నాడు. తుపాకి పేలింది. పిట్ట ఒక్కసారి ఎగిరి, ఒంటి రెక్క కొట్టుకుంటూ దిబ్బ అవతల పడింది.

"పడింది! పడింది!" అని బాబా చిన్నపిల్లాడిలా కిటికీ మీద కొట్టాడు. మిషాల్ జీపును ఆ ఉత్సాహంలో ముందుకు ఉరికించాడు. చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. అతను దిగి ఇసుక తవ్వుతుంటే లింబాద్రి దిబ్బ మీదికి పరుగు తీశాడు. యాభై దాటిన మోకాళ్లు. వాటి సంగతి వాటికే తెలుసు.

పిట్ట బతికుంది. లింబాద్రి అలవాటుగా చెయ్యెత్తాడు. దిబ్బ అడ్డం, ఎవరికీ కనబడలేదు. కేక వేశాడు, గాలి అటునుంచి ఇటు వీస్తోంది. పిట్టను రెండు చేతుల్లోకి తీసుకుని వెనక్కి నడిచాడు. నాలుగడుగులు వేశాడో లేదో దాని మెడ వాలింది. పచ్చకన్ను మీదికి రెప్ప దిగుతోంది. బాబా నడవలేడు. తను దిబ్బ ఎక్కి దిగేసరికి ఇది పోతుంది. పోతే తిండికి పనికిరాదు. ఇంకో పిట్ట దొరకదు, దొరికినా బాబా చేతికి ఇంకో దెబ్బ తగలదు. నడుముకున్న కత్తి తీశాడు. బాబా ఎటు తిరుగుతాడో అటు తిరిగాడు. ఇరవై ఏళ్లుగా చెవిన పడ్డ ఆ మాటలే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, భయంగా భక్తిగా పలికి, పిట్ట మెడ మీద కత్తి పెట్టాడు. నెత్తురు వెచ్చగా వేళ్ల మీదికి కారింది. హమ్మయ్య, టైముకు అయిందనుకున్నాడు.

దిబ్బ దిగుతుంటే మిషాల్ ఎదురొచ్చి పిట్టను అందుకుని తండ్రి దగ్గరికి తీసుకుపోయాడు. మెడ మీద కోత చూసి బాబా కొడుకు భుజం తట్టాడు. కొడుకే కోశాడనుకున్నాడు. కోసి ఉన్న పిట్టను చూసి, అంతకుముందే చచ్చి ఉంటే లింబాద్రి నెత్తురు వదిలించాడనుకున్నాడు కొడుకు. ఎవరి లెక్క వాళ్లది. ఎవరూ నోరు తెరిచి అడగలేదు.

డేరాలో లింబాద్రి పిట్టను ఒలిచి, ఒంట్లో దిగిన తుపాకి రవ్వలు ఏరి, ఎండు నిమ్మకాయ, ఉల్లిపాయలు వేసి పొయ్యి మీద పెట్టాడు. వాసనకు బాబా లేచి కూర్చున్నాడు. ఎన్ని రోజులకో "ఆకలేస్తోంది" అన్నాడు. హమీదా బీ కళ్లు తుడుచుకుంటూ పొయ్యి దగ్గరికొచ్చింది.

"ఏమన్నా, పిట్టను మిషాలే కోసినాడా?"

"కాదక్కా, నేనే కోసిన. పాణం పోతున్నది, ఇగ ఆగలె. బాబా జెప్పే మాటలన్ని జెప్పిన, అటే తిరిగి గోసిన" అన్నాడు లింబాద్రి గర్వంగా.

హమీదా బీ చేతిలోని గిన్నె కింద పెట్టేసింది.

"ఎంత పని చేస్తివన్నా! మాటలు చెప్తే సాలదు. మా దేవుణ్ణి నమ్మినోళ్లు కొయ్యాల."

"మరి సచ్చిపోతే పనికి రాదు గద!"

"ఎవురు చెప్పినారు నీకు? తుపాకి పేల్చేటప్పుడే ఆయన బిస్మిల్లా అన్నాడు. నీ చేతుల్లోనే సచ్చిపోయుంటే తినుండొచ్చు. నువ్వు ఊరికే ఉండుంటే సరిపోయేది కదన్నా!"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. లింబాద్రి పొయ్యి ముందు అలాగే కూలబడిపోయాడు. మిషాల్ వస్తే అతనికి చెప్పాడు. లోపల నుంచి బాబా, ఇంకా కాలేదా అని అడుగుతున్నాడు.

"చెప్పకు. తెలియకుండా తిన్నవాడికి పాపం లేదు. పాపముంటే నాకు ఉండనీ. ఆయన్ను తిననీ" అన్నాడు మిషాల్.

"అవునన్నా, ఊరుకో. సావుబతుకుల్లో ఉండే మనిషి. ఒక్క ముద్ద తింటే అదే పదివేలు" అంది హమీదా బీ, వేరే దిక్కు చూస్తూ.

ఇద్దరూ ఆ దేవుణ్ణి నమ్మినవాళ్లే. వాళ్లే పర్లేదంటే తనకేమిటి? లింబాద్రి పళ్లెంలో అన్నం పెట్టి, రొమ్ము ముక్కలు పైన పేర్చి, లోపలికి తీసుకుపోయాడు. చేతులు కడిగించాడు. బాబా పళ్లెం మీదికి వంగి వాసన పీల్చి నవ్వాడు. ఆ నవ్వు చూడకుండా ఉంటే లింబాద్రి ఊరుకునేవాడేమో. ఇరవై ఏళ్లలో దీవానియాలో ఎన్ని విందులు జరిగాయో. గొడ్డుమాంసం వండిన ప్రతిసారీ, అతిథుల మధ్యలోంచి బాబా గొంతెత్తి వంటింటికి వినబడేలా అరిచేవాడు, "లింబాద్రీ, ఇది నీకు కాదు, నీకు కోడి వేరే పెట్టించాను" అని. చెప్పకపోతే అతనికి తెలిసేది కాదు. తిన్నా అడిగేవాళ్లు లేరు. అయినా ఒక్కసారి కూడా మరిచిపోలేదు ఆ మనిషి. ఇప్పుడు ఆయన ముద్ద కలుపుతున్నాడు. ముద్ద నోటిదాకా పోయింది.

"బాబా, తినకండి" అన్నాడు లింబాద్రి. "దాన్ని కోసింది నేను. బతికుండగా నేనే కోశాను."

బాబా చెయ్యి గాల్లోనే ఆగింది. మిషాల్ పళ్లు నూరి బయటికి పోయాడు. బాబా ముద్దను మెల్లగా పళ్లెంలో పెట్టి, వేళ్లు ఒకదానికొకటి రుద్దుకున్నాడు.

"పేరు చెప్పావా?"

"చెప్పాను బాబా. మీరు చెప్పినట్టే."

"ఎటు తిరిగావు?"

"మీరు తిరిగే వైపే."

బాబా కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమైతే భరించగలిగేవాడు లింబాద్రి. "నోటికాడి బుక్క గుంజుకుంటి గదక్కా" అని హమీదా బీ వైపు చూసి తలబాదుకున్నాడు. బాబాకు తెలుగు రాదు. కానీ ఆ ఏడుపు అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు. ఆయన పళ్లెం అతని ముందుకు జరిపాడు.

"నువ్వు తినొచ్చు కదా. కూర్చో. నా ఎదురుగా తిను."

"నా గొంతు దిగదు బాబా."

"నేను కొట్టిన ఆఖరి పిట్ట. పారేయించకు. నువ్వు తిని, ఎలా ఉందో నాకు చెప్పు."

లింబాద్రి కూర్చున్నాడు. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఎన్నేళ్లుగా వండుతున్నా రొమ్ము ముక్క అతని వంతుకు ఎన్నడూ రాలేదు. మెడ, కాళ్లు, కార్జం, అంతే.

"మెత్తగా ఉందా?" అని అడిగాడు బాబా.

"మెత్తగా ఉంది బాబా."

"నిమ్మ పులుపు లోపలిదాకా పట్టిందా?"

"పట్టింది."

"ఇంకా?"

ఇంకా అంటే అరబ్బీలో అతనికి మాటలు అయిపోయాయి. తెలుగులోకి దిగిపోయాడు. "ఎన్నపూస లెక్క ఉన్నది బాబా. గింత ఉప్పు ఎక్కువైంది, గది నా కండ్లనీళ్లదే. ఎముక కాడ తియ్యగ తగుల్తున్నది. మా నాయిన తెచ్చిన కంజుపిట్ట గూడ గిట్ల లేకుండె. నువ్వు తినకపోతివి బాబా, నువ్వు తినకపోతివి" అని ఏడుస్తూ నములుతున్నాడు, నములుతూ చెబుతున్నాడు. బాబా ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్లు మూసుకుని వింటూ తల ఊపుతున్నాడు. లింబాద్రి మింగినప్పుడల్లా ఆయన ఎండిన గొంతు కూడా కిందికి కదిలింది. హమీదా బీ కొంగు నోట్లో కుక్కుకుంది. మిషాల్ డేరా గుమ్మంలోకి వచ్చి అక్కడే నిలబడిపోయాడు.

పళ్లెంలో ఎముకలు మాత్రం మిగిలాయి. బాబా నీళ్లడిగి, రెండు గుక్కలు తాగి, మూతి తుడుచుకుని, కడుపు నిండిన మనిషి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నట్టు "అల్‌హమ్దులిల్లా" అన్నాడు. లింబాద్రి చెయ్యి కడుక్కొస్తానని బయటికి పోయి చాలాసేపు లోపలికి రాలేదు.